మొరవ నీళ్లు ఎటు పోతున్నాయి?

2025 జూన్ నెలాఖర్లో ఒక రాత్రి చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ బయట, రోడ్డు పక్కన, ట్రాక్టరు ట్రాలీకి ఆనుకుని కూర్చుని ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఒళ్లో ల్యాప్‌టాప్, పక్కన హాట్‌స్పాట్ పెట్టిన ఫోను. ట్రాలీ నిండా దామలచెరువు పక్కన మా తోటలో కోసిన తోతాపురి. మాకు ముందు ఎన్ని బళ్లున్నాయో చూసొస్తానని వెళ్లిన నాయన చాలాసేపటికి గాని తిరిగి రాలేదు. ఆ ఏడు జిల్లా అంతటా కాయ విరగకాసింది. ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దానికి తాను 4 రూపాయలు కలుపుతానని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. ధర సంగతి అటుంచితే అసలు కాయ దించుకునే దిక్కు లేదు. కిలోమీటర్ల పొడవున ట్రాక్టర్లు నిలబడిపోయాయి. ట్రాలీల్లోనే కాయ మెత్తబడుతోంది.

అవతల మీటింగులో ఒక మార్పు ఇంకా ఎందుకు పూర్తి కాలేదని అడుగుతున్నారు. నేను కారణాలు చెబుతున్నాను. వెనక ఎవరో కుర్రాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. నా మీటింగు అయ్యేదాకా ఆగి, ఆ హారన్ వైపు చూసి అన్నాడు:

"ఏమిరా అబ్బోడా, ఆ ఫ్యాక్టరీ దినానికి ఎంత పిండగలదో అంతే పిండుతాది. మనం హారన్ కొట్టినామని రసం ఎక్కువ రాదు గదా."

ఆ మాట ఆయన మామిడికాయల గురించే అన్నాడు. నాకు మాత్రం అప్పటిదాకా నేను చెప్పిన కారణాలన్నీ అందులో వినబడ్డాయి. ఈ అధ్యాయం అంతా ఆ మాట మీదే నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను గాని, బ్యాంకులో, బడిలో, ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకూ ఇందులో పనికొచ్చేది ఉంది.

ముందు కొంచెం లెక్క. భయపడకండి, దోసెల లెక్కే.

1909లో ఏ.కె. ఎర్లాంగ్ అనే డెన్మార్క్ ఇంజినీరు, టెలిఫోన్ ఎక్స్ఛేంజికి వచ్చే కాల్స్ మీద ఒక వ్యాసం ప్రచురించాడు. వరుసల గురించిన శాస్త్రం అక్కడ మొదలైంది. దాన్ని మన టిఫిన్ బండి దగ్గరికి తెచ్చుకుందాం. మాస్టరు ఒక్కడే, పెనం ఒక్కటే. దోసెకు సగటున 3 నిమిషాలు పడుతుంది. జనం చెప్పి రారు, ఒక్కోసారి నలుగురు ఒకేసారి వస్తారు, ఒక్కోసారి ఎవరూ రారు. మాస్టరు సమయంలో సగమే పనితో నిండి ఉంటే, మీరు వెళ్లి నిలబడ్డప్పటి నుంచి దోసె చేతికి రావడానికి సగటున 6 నిమిషాలు. ఎనభై శాతం నిండితే 15 నిమిషాలు. తొంభై శాతానికి అరగంట. తొంభై అయిదుకు గంట. దోసె కాల్చే సమయం మారలేదు, మాస్టరు బద్ధకించలేదు. ఎనభై నుంచి తొంభైకి పెరిగిన పని చూడ్డానికి కొంచెమే. ఎదురుచూపు మాత్రం రెట్టింపయింది. మాస్టరుకు మిగిలే ఖాళీ ఎంత తగ్గితే, వచ్చినవాడికి నిలబడాల్సిన కాలం అంత ఉరికి పెరుగుతుంది. నూటికి నూరూ నిండితే ఇక ఆ వరుసకు అంతు ఉండదు.

మీ క్యాలెండర్ తెరిచి రేపటి రోజు చూడండి. ఎనిమిది గంటల్లో ఎన్ని ముందే నిండి ఉన్నాయి? నాది ఏళ్ల తరబడి ఏడున్నర దాకా నిండి ఉండేది. అంటే తొంభై అయిదు శాతానికి కాస్త తక్కువ. దాన్ని నేను సమర్థత అనుకున్నాను. పక్క టీము నుంచి అరగంట పని వచ్చినా అది మూడు రోజులకు గాని తెమిలేది కాదు. ఎందుకు ఆలస్యమని అడిగితే ఇంకా రెండు గంటలు ఎక్కువ కూర్చునేవాణ్ని. ఆ రెండు గంటలూ ఖాళీగా ఉంచుకోవాల్సినవని తోచేది కాదు. వాటిలోనూ కొత్త పని పోసేవాణ్ని.

నేను చెప్పే మొదటి మార్పు ఇదే. ఎనిమిది గంటల రోజులో ఆరు గంటలకు మించి ముందే ఒప్పుకోకండి. మిగతా రెండు గంటలూ చెప్పకుండా వచ్చే పనులవి. అవి రాని రోజున చదువుకోండి, పాత కోడు శుభ్రం చేయండి, సహోద్యోగికి సాయం చేయండి. మేనేజరుకు దీన్ని విశ్రాంతి అని చెబితే ఒప్పుకోరు. నేను మా మేనేజరుకు దోసెల లెక్కే చెప్పాను. ఆరు గంటల పని ఒప్పుకుని అన్న రోజుకు ఇచ్చేవాడు కావాలా, ఎనిమిది ఒప్పుకుని ప్రతివారం వాయిదా అడిగేవాడు కావాలా అని అడిగాను. ఒక్కరోజులో ఒప్పుకోలేదు. రెండు నెలలు తేదీలు తప్పకుండా ఇచ్చాక అడగడం మానేశారు.

కృత్రిమ మేధ పరికరాలు వచ్చాక ఈ లెక్క ఇంకా పదునెక్కింది. కోడు రాయడం ఇప్పుడు నిమిషాల పని. దాన్ని చదివి, అర్థం చేసుకుని, రేపు రాత్రి అది కూలితే జవాబు చెప్పగలనని సంతకం పెట్టడం మాత్రం మనిషి చేతిలోనే ఉంది, దాని వేగం పెద్దగా పెరగలేదు. తోటలన్నీ ఒకే వారం కోతకొచ్చాయి, ఫ్యాక్టరీ మాత్రం అదే. అందుకే మా టీములో ఒక నియమం పెట్టుకున్నాం: ఎదుటివాళ్ల కోడు ఒకటి చదివి ముగించాకే, మనది ఇంకొకటి చదవమని పెట్టాలి. మొదటి వారం అందరికీ చిరాకు వేసింది. కోడు కుప్పలుగా పడి ఉండటం ఆగింది కాబట్టి నియమం నిలబడింది.

సాఫ్ట్‌వేర్ గురించి నాకు గట్టి అభిప్రాయాలు ఇంకో రెండే ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం తర్వాత కొత్త మార్పు ఏదీ బయటికి వదలకూడదు. కొత్తగా వచ్చిన ప్రతి పరికరం వెంటా పరుగెత్తకుండా, పదేళ్లుగా నలిగిన, అందరికీ తెలిసిన డేటాబేసుతో పని కానివ్వాలి. ఒక మూడు నెలల పాటు నన్ను రాత్రిపూట లేపిన ప్రతి కాల్‌కూ కారణం ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టాను. సగానికి పైగా, ఆ పగలు మేమే తొందరపడి చేసిన మార్పులు. పగటి తొందర రాత్రి నిద్రను తింటోందని అంకెలు చూశాక గాని నమ్మలేదు.

ఇక మొరవ సంగతి.

మా సీమలో చెరువు నిండాక మిగిలిన నీళ్లు పోవడానికి కట్టకు ఒక పక్కన కట్టిన దారిని మొరవ అంటాం. చెరువు మొరవ పోయిందంటే ఊరికి పండగ. చూడ్డానికి పిల్లాజెల్లా అంతా వెళ్తారు. ఆ నీళ్లు వంకలో పడి కింది ఊరి చెరువుకు చేరతాయి. గొలుసుకట్టు చెరువులు కట్టిన పెద్దలు, చెరువు ఎంత పట్టాలన్నదాంతో పాటు నిండినప్పుడు మిగులు ఎటు పోవాలన్నదీ ముందే తేల్చుకున్నారు. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు నిండుకుండలా మారి కట్ట దగ్గర లీకు మొదలైంది. కింది ఊళ్లను ఖాళీ చేయించారు. కట్టకు బస్తాలు వేశారు. తిరుపతిలో చుట్టాల ఇంట్లో మంచాల కింద సామాన్లతో తలదాచుకున్న వాళ్లను నేను చూశాను. వాళ్లు టీవీ ముందు కూర్చుని ఒక్క విషయమే అడుగుతున్నారు: నీళ్లు ఎటు పోతున్నాయి?

మన రోజుకూ ఆ ప్రశ్న వేసుకోవాలి. పని పొంగినప్పుడు, ఆ పొంగు ఎటో ఒకటు పోతుంది. మొరవ లేని చెరువు లేదు. మనం కట్టకపోతే నీళ్లే ఒకచోట కట్ట తెంచుకుని పోతాయి. నాది ఎటు పోతోందో తెలుసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

మొదట నిద్రలోకి పోయింది. అమెరికా తూర్పు తీరంలో పొద్దున తొమ్మిది అంటే మనకు ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. వాళ్ల పని రోజు మొదలయ్యే వేళకు మన రోజు ముగియాలి. ముగియదు. పదకొండు దాకా కాల్స్, ఆ తర్వాత ఒంటిగంట దాకా ఫోను చూడటం, మళ్లీ పాప బడికి ఆరున్నరకు లేవడం. నిద్రను కోసుకుంటే రోజు పెద్దదవుతుందనుకుంటాం. మర్నాడు చేసిన తప్పులు దిద్దడానికి ఆ మిగిలింది చాలదు.

తర్వాత ఒంట్లోకి పోయింది. ముప్పై ఎనిమిదో ఏట కంపెనీ చేయించిన పరీక్షల్లో, రక్తంలో చక్కెర సంగతి చెప్పే హెచ్‌బీఏ1సీ నాకు 6.1 అని వచ్చింది. 5.7 లోపల ఉంటే మామూలు, 6.5, ఆ పైన ఉంటే షుగరు, నడుమ ఉన్నది హెచ్చరిక. నేను నడుమన ఉన్నాను. నేనొక్కణ్నే కాదు. 2025లో హైదరాబాదు ఐటీ ఉద్యోగుల మీద అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షించిన 345 మందిలో 84 శాతానికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది, 71 శాతం మంది స్థూలకాయులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ఇంకో సంగతి చెప్పింది. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకు రక్తం అందని జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి వారానికి 70 గంటల మాట చెప్పినప్పుడు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట ఎత్తినప్పుడు నేను ఈ అంకెలనే తలచుకున్నాను. వాళ్లు నడిపిన సంస్థల పట్ల నాకు గౌరవం ఉంది. ఈ సలహాను మాత్రం నా టీములో ఏ కుర్రవాడికీ ఇవ్వను.

తిండి గురించి మన ప్రాంతం వాళ్లకు ఒక మాట చెప్పాలి. షుగరు హెచ్చరిక రాగానే చాలామంది అన్నం మానేసి రాగి సంగటి మొదలుపెడతారు. నేనూ అదే చేశాను. మా తాత సంగటి తిన్నాడు, ఎనభై ఏళ్లు బతికాడు అని వాదించాను కూడా. ఆ తాత సంగటి తిని మధ్యాహ్నం దాకా మడక దున్నాడు. నేను అదే ముద్ద తిని కుర్చీలో కూర్చున్నాను. పైగా సంగటిలో బియ్యమో నూకలో ఉండనే ఉంటాయి. రాగిలో పీచు, కాల్షియం ఉన్న మాట నిజమే గాని, తలకాయంత ముద్ద ముద్దే. ఇప్పుడు సగం ముద్ద, దానికి రెండింతలు ఆకుకూర పప్పో అలసందల కూరో. చెనక్కాయల ఊరుబిండి ఒక చెంచా. తిన్న వెంటనే పదిహేను నిమిషాలు వీధిలో నడక. ఇంట్లో టేపుతో నడుము కొలుచుకోవడం అలవాటు చేసుకోండి. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి. బరువు తూచుకోవడం కన్నా నాకు అది ఎక్కువ పనికొచ్చింది.

తిరుపతిలో ఉన్నవాళ్లకు నడకకు కొండే ఉంది. కాకపోతే ఆర్నెల్లు కుర్చీలో కూర్చుని ఒక శనివారం హఠాత్తుగా అలిపిరి మెట్లు పరుగెత్తి ఎక్కేవాళ్లను చూస్తే భయమేస్తుంది. అలిపిరి దారి దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు పొట్టి దారే, 2,388 మెట్లు, కానీ నిటారు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు నడిచి ఎక్కవద్దని టీటీడీ చెబుతూనే ఉంటుంది. ముందు ఒక నెల ఊళ్లో రోజూ నడవండి. తర్వాత ఎక్కండి. కొండ ఎక్కడికీ పోదు.

నిద్ర, ఒళ్లు నావే. నా పొంగు నా మీదే పడితే దాన్ని త్యాగం అని చెప్పుకోవచ్చు. మూడోచోటు వేరు.

2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించగానే బెంగళూరు గది ఖాళీ చేసి సొంతూరికి వచ్చేశాం. తర్వాత తిరుపతిలో ఇల్లు తీసుకున్నాం. నా భార్య ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ఇంటి నుంచి పనిచేస్తున్నాను కాబట్టి ఇంట్లో ఉన్నట్టే లెక్క అని నేను అనుకున్నాను. ఒకరోజు రాత్రి పదిన్నరకు కాల్ ముగించి వంటింట్లోకి వెళ్తే, ఆమె పాపకు మర్నాటి బడి సంచి సర్దుతోంది. గ్యాస్ బుక్ చేయడం, కరెంటు బిల్లు, మా అమ్మ బీపీ మాత్రలు ఊరికి పంపడం నా పనులని మేమిద్దరం ఎప్పుడో అనుకున్నాం. మాత్రలు పంపలేదని గుర్తొచ్చి నేను నొచ్చుకుంటుంటే ఆమె తలెత్తకుండానే అంది:

"పంపినాను లెండి. కరెంటు బిల్లూ కట్టేసినా. మీ ఆఫీసు పని మీరొక్కరే చేస్తున్నారనుకుంటున్నారా? దాంట్లో సగం నేను చేస్తున్నా."

కోపంగా అనలేదు. అందుకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా చెరువు మొరవ నీళ్లు ఆమె చేలో పడుతున్నాయి. నేను చేయాల్సి ఉండి చేయకుండా మిగిల్చిన ప్రతి పనీ ఆమె రోజులోకి పోయి కలుస్తోంది. ఇంకా లోపలికి వెళ్తే, ఆమె చేయలేక మిగిలింది మా అత్తగారి చేతిలోకి, మా అమ్మ చేతిలోకి పోతోంది. గొలుసుకట్టు చెరువులే, కట్టినవాళ్లు మాత్రం ఎవరినీ అడగలేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 70 గంటలు, 90 గంటలు అనే వాదనల్లో ఈ 289 నిమిషాల ఊసు నాకు చాలా తక్కువగా వినబడింది. ఒకరు వారానికి డెబ్బై గంటలు ఆఫీసుకు ఇవ్వగలుగుతున్నారంటే, వాళ్ల బట్టలు ఎవరో ఉతుకుతున్నారు.

కాబట్టి ఈ అధ్యాయంలో మీరు చేయాల్సిన అభ్యాసం ఒక్కటే. వారం రోజులు, రాత్రి పడుకునే ముందు ఒక కాగితం మీద రెండు మాటలు రాయండి. ఈరోజు నేను చేయాల్సి ఉండి చేయలేకపోయింది ఏది? దాన్ని చివరికి ఎవరు చేశారు? రెండో ప్రశ్నకు "ఎవరూ చేయలేదు" అన్నది చాలా అరుదుగా వస్తుంది. వారం చివర ఆ కాగితం ఇంట్లోవాళ్ల ముందు పెట్టండి. మీరు రాయనివి వాళ్లు కలుపుతారు. నావి అయిదు కలిపారు.

ఆ తర్వాత మాట్లాడుకోవడం మొదలవుతుంది. మేము ఏం చేశామో చెబుతాను. మీకు అదే కుదరాలని లేదు. సాయంత్రపు కాల్స్ మంగళ, గురువారాలకు మాత్రమే కుదించమని అడిగాను. అవతలివాళ్లు ఒప్పుకున్నారు. ఇన్నేళ్లూ నేను అడగనే లేదు. మిగతా మూడు రోజుల్లో ఏడు గంటలకు ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టేస్తాను. బల్ల మీద మూసి పెడితే సరిపోలేదు, చెయ్యి దాని వైపే పోయేది. పాప బడి సంచి, రాత్రి గిన్నెలు, బిల్లులు, మందులు పూర్తిగా నావి. "సాయం చేయనా" అని అడగడం మానేశాను. అలా అడిగినంతకాలం ఆ పని ఆమెదే అని ఒప్పుకున్నట్టు. నాకు రాత్రి డ్యూటీ ఉండే వారం నెలకు ఒకసారి వస్తుంది. ఆ వారం పొంగు తప్పదు. ఆ వారానికి వంటమనిషిని పిలుస్తాం, ఆ డబ్బు నా జీతంలోంచి ముందే పక్కన పెడతాం. నెలాఖరున ఆఫీసు లెక్కలు తేల్చే రాత్రులకు మాత్రం ఇంకా దారి దొరకలేదు. అవి ఇప్పటికీ నా నిద్రలోకే పోతున్నాయి.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్లకు ఇంకో మాట. నేను చదువు ముగించినప్పుడు చిత్తూరు కుర్రాడికి బెంగళూరో మద్రాసో లాంటి పెద్ద నగరం తప్ప దారి లేదు. ఇప్పుడు రేణిగుంటలో జోహో ఆఫీసు ఉంది, ఇంటి నుంచి పనిచేయనిచ్చే కంపెనీలు ఉన్నాయి. సొంతూరికి వచ్చేస్తే జీవితం దానంతటదే కుదుటపడుతుందనుకోకండి. నేనూ అలాగే అనుకుని వచ్చాను. ఊరు మారినా క్యాలెండర్ మారలేదు. పైగా బెంగళూరులో నా పొంగు నా గది గోడల మధ్యే ఉండేది. ఇక్కడ అది తడపడానికి చుట్టూ మనుషులున్నారు. అయితే ఎక్కడ తడుస్తోందో కంటికి కనబడేదీ ఇక్కడే. ఆ ఒక్క కారణానికే నేను వెనక్కి పోలేదు.

ఆ జూన్‌లో మా ట్రాక్టరు మూడో రోజు లోపలికి వెళ్లింది. కాయలో కొంత పారబోశాం. డబ్బులు చేతికి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. నాయన ఆ సీజను గురించి ఎవరినీ తిట్టలేదు. వానలు పడ్డాక, తోటలో తూర్పు వైపు కొన్ని తోతాపురి చెట్లకు కొమ్మలు నరికించి, వాటికి నీలం అంట్లు కట్టించాడు. నీలం ఆలస్యంగా వస్తుంది, అందరి కాయా అయిపోయాక. కాపు పట్టడానికి రెండు మూడేళ్లు ఆగాలి. అంతవరకు ఆ చెట్ల నుంచి రాబడి లేదు. "అన్నీ ఒకేపారి మాగితే మళ్లీ ఆ రోడ్డు మీద నిలబడాల్సిందే గదరా," అన్నాడు. ఈ మధ్య శనివారాలు నేనూ పాపా ఊరికి వెళ్లి ఆ చెట్లకు నీళ్లు పెట్టి వస్తున్నాం. కట్టిన అంట్లలో చాలావరకు చిగురు వేశాయి.